ఒకే కలం పేరుతో ఇద్దరం: పారానార్మల్ శృంగార నవల కలిసి రాయాలంటే ముందు ఏం తేల్చుకోవాలి?

#1 కృష్ణలంక_కలం
అందరికీ నమస్కారం. ఇద్దరం కలిసి ఒకే కలం పేరుతో పారానార్మల్ శృంగార నవల మొదలుపెడుతున్నాం. ఒకరిది బెజవాడ, ఒకరిది గుంటూరు. నాయకుడు గంధర్వుడు. నాయిక మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు, వయసు 32. కొండవీడు కోటలో మొదలై బెజవాడలో సాగే కథ. 30 అధ్యాయాలు, 60,000 మాటలు. బేసి అధ్యాయాలు ఆమె వైపు నుంచి ఒకరు, సరి అధ్యాయాలు అతని వైపు నుంచి ఇంకొకరు రాయాలన్నది ఆలోచన. డబ్బు చెరిసగం. అసలు పేర్లు బయటికి రాకూడదు. మొదటి అధ్యాయానికి ముందే ఏమేం తేల్చుకోవాలో, ఎక్కడ బెడిసికొడుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

#2 బ్రాడీపేట_ఎడిటర్
బేసి, సరి పంపకం దగ్గరే ఒకసారి ఆగండి. రాసేవాళ్లకి అది న్యాయంగా కనిపిస్తుంది. చదివేవాళ్లకి మాత్రం నాలుగో అధ్యాయానికల్లా ఇద్దరు మనుషులు దొరికిపోతారు.

కలిసి రాసేవాళ్లు వాడే పద్ధతులు ముఖ్యంగా మూడు. ఒకరు కథ అల్లడం, ఇంకొకరు దాన్ని వచనంలో పెట్టడం మొదటిది. ఎల్లరీ క్వీన్ పేరుతో రాసిన జంటలో ఫ్రెడరిక్ డానే చిక్కుముడి వేసి ఇస్తే మాన్‌ఫ్రెడ్ లీ రాసేవాడు. రెండోది మీరు చెప్పిన పాత్రల పంపకం. మూడోది ఒకరి చిత్తుప్రతిని ఇంకొకరు అదే ఫైల్లో తిరగరాయడం. శృంగార నవలకి నేను గట్టిగా చెప్పేది మూడోదే. ప్రణయ ఘట్టంలో జరిగేదాంట్లో సగం ఎదుటి మనిషి స్పందనే. ఆమె శరీరం ఒకరి చేతిలో, అతని శరీరం ఇంకొకరి చేతిలో ఉంటే, ఎవరి అధ్యాయంలో వాళ్ల పాత్ర ఊపిరి తీసుకుంటుంది, రెండోది కొయ్యబొమ్మలా నిలబడిపోతుంది.

లెక్క ఇలా పెట్టుకోండి. ఒక్కో అధ్యాయం 2,000 మాటలు. మొదటివాళ్లు నాలుగు రోజుల్లో చిత్తుప్రతి ఇవ్వాలి. రెండోవాళ్లు మూడు రోజుల్లో తిరగరాయాలి. మళ్లీ మొదటివాళ్లు పైకి చదివి ఒక్క రోజులో సర్దాలి. తర్వాతి అధ్యాయానికి ఇద్దరి పనులు తారుమారవుతాయి. అధ్యాయానికి ఎనిమిది రోజుల చొప్పున 30 అధ్యాయాలకి 240 రోజులు. ఒకరు తిరగరాస్తుండగా ఇంకొకరు తర్వాతిది మొదలుపెడితే ఆరు నెలల్లోపే వస్తుంది. ఆఖరి ప్రతి మీద ఆఖరి చెయ్యి ఎవరిదో మాత్రం ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఇలాంటి జంటలు విడిపోయేది ఎక్కువగా డబ్బు మీద కాదు, ఒకరు తీసేసిన పేరాని ఇంకొకరు తిరిగి పెట్టే దగ్గర.

#3 నాగిని_నవలలు
ఎడిటర్ గారితో సగమే ఒప్పుకుంటాను. ఈ తరహా నవలకి రెండు దృష్టికోణాలు ప్రాణం. మనిషికి అమానుషుడు ఎలా కనిపిస్తాడు, వాడికి మనిషి ఎలా కనిపిస్తుంది అన్న తేడాయే పాఠకురాల్ని పేజీ తిప్పిస్తుంది. కాబట్టి రెండు గొంతులు వినిపించడం తప్పు కాదు. రెండు పాత్రల గొంతులు వినిపించాలి, ఇద్దరు రచయితల గొంతులు వినిపించకూడదు. చిక్కంతా అక్కడే.

దానికి పాత్రల వారీగా మాటల పట్టిక చేసుకోండి. తెలుగులో శృంగారానికి మూడు అరల భాష ఉంది. అధరం, కటి, జఘనం లాంటి కావ్య భాష ఒకటి. పెదవి, నడుము, మెడవంపు లాంటి ఇంటి భాష ఇంకొకటి. మూడోది బజారు మాటలు, డాక్టరు మాటలు, ఇంగ్లిషు నుంచి వచ్చినవి. ఒకే ఘట్టంలో ఈ మూడూ కలిస్తే మంత్రం చెడిపోతుంది. గంధర్వుడు వందల ఏళ్లవాడు కనుక కావ్య భాష అతని సంభాషణకి, అతని ఆలోచనకి మాత్రమే ఇవ్వండి. నాయిక అధ్యాయాల్లో ఒక్క 'అధరం' కూడా రాకూడదు. మూడో అరని పూర్తిగా మూసెయ్యండి, లేదా ఏ పాత్ర నోట ఏ సందర్భంలో వస్తుందో రాసిపెట్టండి. వాడదగినవి 40, నిషిద్ధం 20 మాటలతో ఒక పేజీ పట్టిక చాలు.

స్పర్శ, వాసన, వేడి విషయంలోనూ అంతే. అతని చర్మం చల్లనా, వెచ్చనా? నీడ పడుతుందా? అద్దంలో కనిపిస్తాడా? చెమట పడుతుందా? బరువుంటాడా? మూడో అధ్యాయంలో చలువరాయిలా ఉన్నవాడు పదకొండులో నిప్పులా కాలితే, దానికి కథలో కారణం ఉండి తీరాలి.

#4 బ్రాడీపేట_ఎడిటర్
మాటల పట్టిక మంచి సూచన. దానికంటే ముందు అక్షరాల పట్టిక కావాలి. తెలుగులో ఇద్దరి చేతులు మొదట బయటపడేది ఇక్కడే. చేశాడు, చేసాడు. వెళ్లి, వెళ్ళి. వాళ్లు, వాళ్ళు. అయిదు, ఐదు. చెయ్యి, చేయి. వచ్చేశాడు అని ఒకరు, వచ్చేసేడు అని ఒకరు. ఏదైనా సరే, ఒక్కటే ఎంచుకుని మొదటి పేజీలో రాసుకోండి. సంభాషణకి జంట కొటేషన్, మనసులో మాటకి ఒంటి కొటేషన్ లాంటి నియమం కూడా అందులోనే. కథనం భూతకాలమా, వర్తమానమా అన్నది కూడా. నాయికని కథనంలో 'ఆమె' అనాలా, 'తను' అనాలా అన్నది చిన్న విషయంగా తోస్తుంది గానీ, 'తను' అన్నప్పుడల్లా కథనం ఆమె తలలోంచి నడుస్తుంది. గంధర్వుడి అధ్యాయంలో ఆమెని 'తను' అన్నారంటే దృష్టికోణం జారినట్టే.

వాక్యం పొడవు కూడా చూడండి. ఒకరి వాక్యం సగటున ఎనిమిది మాటలు, ఇంకొకరిది పదిహేను అయితే తిరగరాతలో మధ్యకి తేవాలి. ఫోన్‌లో తెలుగు చదివి వినిపించే సదుపాయంతో రెండు అధ్యాయాలు వరుసగా వినండి. కళ్లు దాటేసిన తేడాని చెవి పట్టుకుంటుంది.

#5 పట్టాభిపురం_పాఠకురాలు
చదివేవాళ్ల వైపు నుంచి ఒక మాట అండీ. ఇద్దరు రాసిన ప్రేమకథల్లో నన్ను బయటికి విసిరేసేది నువ్వు, మీరు. ఆరో అధ్యాయంలో "నువ్వు ఎందుకొచ్చావు" అన్న నాయిక ఎనిమిదిలో "మీరు రండి" అంటుంది. మన భాషలో దగ్గరితనమంతా ఆ ఒక్క సర్వనామంలో ఉంది. మీరు నుంచి నువ్వుకి ఏ అధ్యాయంలో, ఏ వాక్యం దగ్గర మారుతుందో ఇద్దరూ కూర్చుని నిర్ణయించండి. అది మొదటి ముద్దు కంటే పెద్ద మలుపు. కోపం వచ్చినప్పుడు తిరిగి 'మీరు'కి వెళ్తే దెబ్బ ఎంత లోతుగా తగులుతుందో ఊహించండి. అతను ఆమెని ఏమని పిలుస్తాడు? పూర్తి పేరా, ముద్దు పేరా, 'మానవీ' అనా? యార్డులో హమాలీలు ఆమెని 'మేడమ్' అంటారా, 'అక్కా' అంటారా? ఇవన్నీ ఒక కాగితం మీద ఉండాలి.

ఇంకొకటి. వశీకరణం. గంధర్వుడు పాటతో మనసు లాగేస్తాడు కదా. ఆ మాయ పనిచేస్తుండగా శృంగార ఘట్టం రాస్తే ఆమె ఒప్పుకున్నట్టా, కానట్టా? ఇక్కడ ఇద్దరు రచయితలకి రెండు అభిప్రాయాలుంటే నవల రెండుగా చీలిపోతుంది. మాయ తెగిపోయాక ఆమె తెలివితో, తన నోటితో అడగాలి. దాన్ని నియమంగా పెట్టుకోండి.

#6 నాగిని_నవలలు
పాఠకురాలు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నియమం వల్ల కథకి బలం కూడా వస్తుంది. పాట పాడకుండా ఉండడం అతనికి కష్టమైతే, ప్రతి సమాగమానికీ అతను ఏదో వదులుకుంటున్నట్టు అవుతుంది.

లోకనియమాల పత్రం రెండు పేజీలు మించనివ్వకండి. అతని శక్తులు మూడే, వాటి హద్దులు మూడే. ఏది చేస్తే బలహీనపడతాడు, ఎంతసేపటికి తేరుకుంటాడు, మనుషుల్లో ఎవరికి కనిపిస్తాడు, ఆమెకి గర్భం వచ్చే వీలుందా లేదా (ఇది పాఠకులు తప్పకుండా అడుగుతారు), ఆమె ముసలిదవుతుంటే అతని సంగతేమిటి. పత్రాన్ని ఇద్దరూ సంతకం పెట్టినంత గట్టిగా పాటించాలి. మార్చాలంటే ఇద్దరూ మాట్లాడుకుని, ఆ మార్పు వెనక్కి ఏయే అధ్యాయాల్ని తాకుతుందో రాసుకోవాలి.

కాలక్రమానికి గోడ క్యాలెండర్ సరిపోదు. పంచాంగం దగ్గర పెట్టుకోండి. పౌర్ణమి చంద్రుడు పొద్దుగూకే వేళకే వస్తాడు. బహుళ అష్టమి చంద్రుడు వచ్చేది అర్ధరాత్రి ప్రాంతంలో. శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికల్లా దిగిపోతాడు. ఒకరు పౌర్ణమి రాత్రి రాసి, వారం తర్వాత జరిగే ఘట్టంలో ఇంకొకరు సాయంత్రం ఏడింటికే వెన్నెల కురిపిస్తే ఈ తరహా పాఠకులు పట్టేస్తారు. కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో కూడా ఖాయం చేసుకోండి. 2026లో పెడితే అధిక జ్యేష్ఠం ఉంటుంది, జ్యేష్ఠ పౌర్ణమి రెండుసార్లు వస్తుంది. అలాంటి ఏడాదిని కథకి వాడుకోవచ్చు కూడా.

#7 ఏలూరురోడ్డు_డీటీపీ
ఊరి సంగతులు నేను చెప్తా. బెజవాడ పాఠకుడికి కృష్ణ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో ప్రకాశం బ్యారేజీ దిగువన కనిపించేది ఎక్కువగా ఇసుకే. అక్కడ నిండు ప్రవాహంలో జలకాలాట రాస్తే నమ్మరు. ఎగువన పెట్టండి, లేదా ఆగస్టుకి జరపండి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో కథ పెడితే 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, బుడమేరు ముంచేసిన సింగ్‌నగర్ గుర్తుండాలి. ఆ రోజుల్లో అక్కడ ప్రేయసీ ప్రియుల షికారు కుదరదు.

నాయిక మిర్చి యార్డు మనిషి అన్నారు. బస్తాని అక్కడ టిక్కీ అంటారు. తేజ, 334, 341 లాంటి రకాల పేర్లు ఆమె నోట సహజంగా రావాలి. సరుకు ముమ్మరంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి. ఎండలు ముదిరాక యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు కాబట్టి ఆమెకి ఖాళీ దొరికే రోజులు అవే. పగలంతా మిరపకాయలు పట్టిన చేతుల్తో రాత్రి అతన్ని తాకితే మంట పుడుతుంది. కారం నీళ్లకి పోదు. నూనె రాసి సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది. ఇలాంటి వివరం ఇద్దరిలో ఒకరికే తెలిస్తే రెండో వాళ్ల అధ్యాయంలో ఆమె చేతులు కడుక్కోకుండానే మంచం ఎక్కేస్తుంది.

స్థలాల ఎంపికలో జాగ్రత్త. శృంగార ఘట్టాలు పూజ జరిగే చోట్ల పెట్టకండి. ఇంద్రకీలాద్రి ఎలాగూ వద్దు. ఉండవల్లి గుహల్లో అనంతపద్మనాభుడు ఉన్నాడు, అదీ వద్దు. కొండవీడు శిథిలాలు, కొండ మీది చెరువులు, కొండపల్లి కోట, నదిలో లంకలు ఉండగా దేవుడి గుడి దాకా పోనక్కర్లేదు.

#8 కృష్ణలంక_కలం
చాలా ఉపయోగంగా ఉంది అండీ. పంపకం పద్ధతి మార్చాలనే అనిపిస్తోంది. ఒక అధ్యాయం చేతులు మారేటప్పుడు ఏమేం రాసి ఇవ్వాలి? ఇంకా, ఒప్పందం కాగితం అవసరమా? స్నేహితులమే కదా అని ఇద్దరికీ కొంచెం మొహమాటంగా ఉంది.

#9 బ్రాడీపేట_ఎడిటర్
అధ్యాయం కింద అయిదారు వరుసలు చాలు. తిథి, వారం, గంట. ఎవరు ఎక్కడ, ఏ భంగిమలో ఆగారు. ఒంటి మీద ఏముంది, ఏది తీసేశారు, అది ఎక్కడ పడింది. గాయాలు, గోటి గుర్తులు. ఎవరికి ఏ రహస్యం తెలుసు. నువ్వా, మీరా. ప్రణయ ఘట్టంలో తప్పు దొర్లేది బట్టల దగ్గర, చేతుల దగ్గర. రెండు పేజీల కింద విప్పిన రవిక మళ్లీ విప్పుతారు. ఒకే మనిషికి మూడు చేతులు వస్తాయి. తిరగరాసేవాళ్లు ఒక విడత కేవలం చేతులు ఎక్కడున్నాయో చూడడానికే చదవాలి.

ఘట్టాల వేడి ఎంతన్నది కూడా ముందే అంకెల్లో పెట్టుకోండి. ఒకటి అంటే చూపులు, అయిదు అంటే తలుపు మూయకుండా పూర్తిగా చెప్పడం. 30 అధ్యాయాలకీ అంకె వేస్తే గ్రాఫు కనబడుతుంది. మొదటి అయిదు ఎక్కడ పడుతుంది? సాధారణంగా సగం దాటకముందే పడాలి, కానీ పదో అధ్యాయం లోపల పడితే ఆ తర్వాత ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి మిగిల్చి ఉండాలి. ప్రతి ఘట్టం తర్వాత కథలో ఏదో ఒకటి మారాలి. మారకపోతే అది ఎంత బాగా వచ్చినా తీసెయ్యండి.

#10 బెజవాడ_వకీలు
ఒప్పందం ఉండాలి. స్నేహం ఉంది కాబట్టే ఉండాలి.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉమ్మడి కృతి అంటే ఒకరి భాగాన్ని ఇంకొకరి భాగం నుంచి విడదీయలేనిది, సెక్షన్ 2(జెడ్). బేసి అధ్యాయాలు నావి, సరి అధ్యాయాలు నీవి అని స్పష్టంగా పంచుకుంటే అది ఉమ్మడి కృతి అన్న వాదన బలహీనపడుతుంది. రేపు గొడవైతే 'నా పదిహేను అధ్యాయాలు తీసుకుపోతా' అనే అవకాశం వస్తుంది. ఒకరిది ఒకరు తిరగరాసే పద్ధతి చట్టం వైపు నుంచి కూడా మేలు. ఆ సంగతి ఒప్పందంలో ఒక వాక్యంగా పెట్టండి.

మారుపేరుతో వచ్చిన రచనకి హక్కు కాలం ప్రచురణ తర్వాతి క్యాలెండరు సంవత్సరం నుంచి 60 ఏళ్లు. ఈలోగా రచయితలెవరో బయటపెడితే, ఇద్దరిలో ఆఖరున పోయినవారి మరణం తర్వాత 60 ఏళ్లు. ప్రచురణకర్తతో ఒప్పందంలో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకి ఇచ్చినట్టు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి ఇచ్చినట్టు చట్టం లెక్కేస్తుంది. అందుకని అచ్చు, ఈబుక్, ఆడియో, సినిమా, అనువాదం ఒక్కోటీ విడిగా రాయండి. ఏ హక్కు అమ్మాలన్నా ఇద్దరి సంతకం తప్పనిసరి అన్న షరతు ఉండాలి.

మీ ఇద్దరి మధ్య కాగితంలో వీటికి జవాబులు ఉండాలి: కలం పేరు ఎవరిది, ఒకరు తప్పుకుంటే ఆ పేరుతో ఇంకొకరు రాయవచ్చా, అదే లోకంలో ఒంటరిగా ఇంకో నవల రాయవచ్చా, ఒకరు 60 రోజులు పని ఆపేస్తే ఏమవుతుంది, ఒకరు చనిపోతే వాటా ఎవరికి, తగవు వస్తే ఎవరు తీర్చాలి. మధ్యవర్తిత్వం క్లాజు పెట్టి స్థలం విజయవాడ అని రాసుకోండి. 100 రూపాయల నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు మీద రాసి, ఇద్దరు సాక్షులు, నోటరీ. రెండు అసలు ప్రతులు తీసుకోండి.

కలం పేరుకి కాపీరైట్ ఉండదు. గట్టి రక్షణ కావాలంటే ట్రేడ్‌మార్క్. పుస్తకాలకి క్లాస్ 16, వ్యక్తులు ఆన్‌లైన్లో వేస్తే ఒక్కో క్లాసుకి 4,500 రూపాయలు. రచనని కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించడం ఐచ్ఛికం, సాహిత్య రచనకి ఫీజు 500. కానీ ఆ రిజిస్టరు ఎవరైనా తనిఖీ చేయవచ్చు. పేర్లు దాచుకోవాలనుకునేవాళ్లు అది ఆలోచించి చెయ్యాలి.

#11 పట్టాభిపురం_పాఠకురాలు
తప్పుకున్నాక పేరు సంగతి మన జంట కవుల్లోనే ఉంది కదండీ. తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయాక కూడా చెళ్లపిళ్ల వారు తన రచనలు తిరుపతి వేంకట కవులు అన్న పేరుతోనే వేశారు. అది ప్రేమ. ఈ కాలంలో కూడా ఎవరికైనా అలా చెయ్యాలనిపించవచ్చు, అందుకే ఒప్పందంలో ఆ అవకాశం తెరిచి ఉంచండి. వకీలు గారూ, శృంగారం విషయంలో చట్టం ఏమంటుంది?

#12 బెజవాడ_వకీలు
అచ్చులోనైనా తెరమీదైనా అశ్లీల రచనల మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 294 వర్తిస్తుంది, పాత ఐపీసీ 292 బదులు. ఆన్‌లైన్ అయితే ఐటీ చట్టం 67, 67ఏ కూడా వస్తాయి. 67ఏ కింద మొదటి నేరానికి 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. సాహిత్యం, కళ ప్రయోజనం కోసం అని సమర్థించుకోగలిగిన రచనకి ఈ సెక్షన్లలో మినహాయింపు ఉంది. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు, ఒక ముక్క విడదీసి కాకుండా మొత్తంగా, సమకాలీన సమాజ ప్రమాణాలతో చూడాలని చెప్పింది. అంటే కథ ఎంత బలంగా ఉంటే మీరు అంత బలంగా నిలబడతారు. ఘట్టాన్ని మాత్రం కత్తిరించి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే ఆ బలం మీరే చేజేతులా పోగొట్టుకున్నట్టు.

పాత్రలందరూ పెద్దవాళ్లు అయ్యుండాలి. 'చూడ్డానికి పదహారు, నిజానికి వెయ్యేళ్లు' లాంటి కల్పనకి అసలు చోటివ్వకండి. పిల్లల విషయంలో 67బీ రాతని కూడా పట్టుకుంటుంది. లోపలి మొదటి పేజీ మీద, ఆన్‌లైన్ పరిచయంలో 18 ఏళ్లు దాటినవారికి అని వేయండి. ముఖచిత్రం నగ్నంగా వద్దు.

#13 గవర్నర్‌పేట_ఆడిటర్
డబ్బు సంగతి. ఈబుక్ సైట్ల ఖాతా సాధారణంగా ఒక్కరి పేరు మీదే ఉంటుంది. అమెజాన్ కేడీపీలో (సొంతంగా పుస్తకం వేసుకునే వేదిక) ఒక మనిషికి ఒకే ఖాతా, డబ్బు ఆ ఖాతాదారుకే వెళ్తుంది, ఇద్దరికి చీల్చి పంపదు. అలాంటిదే ఇంకో వేదిక డ్రాఫ్ట్2డిజిటల్‌లో సహరచయితలకి చెల్లింపు చీల్చే సదుపాయం ఉంది, ఇద్దరికీ ఖాతాలుండాలి. ఏ వేదికకైనా భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో ముందు చూసుకోండి. అమెరికా నుంచి వచ్చే రాయల్టీకి సైటు పన్ను వివరాలు అడిగే చోట డబ్ల్యూ-8బెన్ ఫారం సరిగ్గా నింపి పాన్ ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం 15 శాతం కోత. లేకపోతే 30.

ఇక్కడి ప్రచురణకర్త అయితే 'రెండు పాన్‌లు, రెండు చెక్కులు' అని మొదటే అడగండి. రాయల్టీ మీద టీడీఎస్ 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20. మొత్తం ఒకరి ఖాతాలో పడి, అందులో సగం ఇంకొకరికి బదిలీ చేస్తే, పన్ను లెక్కలో మొత్తం ఆదాయం మొదటివారిదిగా కనిపిస్తుంది. పాత పద్ధతిలో రిటర్ను వేసేవాళ్లకి పుస్తక రాయల్టీ మీద 3 లక్షల దాకా మినహాయింపు ఉండేది, సెక్షన్ 80క్యూక్యూబీ. అందులో సహరచయిత కూడా రచయితే. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. పాత నంబరు పట్టుకుని ఫారం నింపకండి.

వాటా మాటల లెక్కన పంచుకోకండి. ఒకరు 3,000 మాటలు రాస్తే ఇంకొకరు వాటిని 1,800కి దించి నిలబెట్టవచ్చు. తగ్గించినందుకు తక్కువ డబ్బు అంటే ఎవరూ తగ్గించరు. చెరిసగమే మంచిది. వచ్చినదాంట్లో ముందు 20 శాతం ముఖచిత్రం, ప్రూఫ్, ప్రచారం కోసం పక్కన పెట్టి మిగతాది పంచుకోండి.

#14 ఏలూరురోడ్డు_డీటీపీ
ఫైలు గురించి. ఇద్దరూ యూనికోడ్‌లోనే రాయండి. ఒకరు అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు), ఒకరు యూనికోడ్‌లో రాస్తే కన్వర్టర్ పెట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట వత్తులు, క్ష, జ్ఞ, కొటేషన్ గుర్తులు తేడా పడతాయి. ఎవరు ఏం మార్చారో పోల్చడం కూడా కుదరదు. గూగుల్ డాక్స్‌లో ఒకే ఫైలు, చిత్తుప్రతికి మామూలుగా, తిరగరాతకి సూచనల పద్ధతిలో. ప్రతి అధ్యాయం ముగిశాక ఆ వెర్షన్‌కి పేరు పెట్టండి. పేజీలు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కుతుంది కాబట్టి పది అధ్యాయాలకి ఒక ఫైలు చేసుకున్నా సరే.

తెలుగులో వెతుకులాట ఒకచోట మోసం చేస్తుంది. గవర్నర్‌పేట లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఉంటుంది. ఒకరు అది వేసి, ఒకరు వేయకుండా టైపు చేస్తే చదవడానికి ఒకే మాటైనా వెతికితే సగమే దొరుకుతాయి. పాత్ర పేరు మార్చాల్సి వస్తే రెండు విధాలా వెతకండి. అసలు అలాంటి పేరు పెట్టకపోతే ఇంకా సుఖం.

అచ్చుకి వెళ్లేటప్పుడు డెమ్మీ సైజు పేజీకి సుమారు 225 మాటలు పడతాయి. 60,000 మాటలకి 267 పేజీలు. ఫారానికి 16 పేజీల లెక్కన 17 ఫారాలు, 272 పేజీలు అవుతాయి. టైటిల్, కాపీరైట్ పేజీలు ఆ మిగిలిన అయిదులోనే సర్దుకోవాలి. ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకం గుర్తింపు సంఖ్య) డబ్బు కట్టక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

#15 నాగిని_నవలలు
పేర్లు బయటపడేది ఎక్కడో కూడా చెప్పాలి. పీడీఎఫ్, వర్డ్ ఫైళ్ల ప్రాపర్టీస్‌లో రచయిత పేరు దగ్గర మీ కంప్యూటరు ఖాతాలోని పేరు ఉండొచ్చు, పంపేముందు తుడిచెయ్యండి. పుస్తకం అమ్మడానికి యూపీఐ ఇస్తే కట్టేవాళ్లకి బ్యాంకు ఖాతాలోని మీ పేరు కనిపిస్తుంది. కొరియర్ కవరు మీద పంపినవారి చిరునామా, కలం పేరు ఫేస్‌బుక్ ఖాతాకి మీ మామూలు ఫోన్ నంబరు ఇచ్చారంటే చుట్టాలకి వెళ్లే స్నేహితుల సూచన, ఇవన్నీ దారులే. వేరే సిమ్, వేరే మెయిల్, అమ్మకం ఏదైనా పుస్తకాల షాపు ద్వారా. ఇద్దరిలో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి అయితే ప్రవర్తనా నియమావళిలో రచనల గురించి ఏముందో చదివాకే డబ్బు తీసుకోండి.

పాఠకుల మెసేజ్‌లకి ఎవరు జవాబివ్వాలి అన్నది చాలామంది వదిలేస్తారు. ఒకరు 'థాంక్యూ అండీ' అని, ఒకరు 'థాంక్స్ రా బంగారం' అని రాస్తే కలం పేరు పగిలిపోతుంది. ఆ మనిషి వయసెంత, ఏ ఊరు, ఎలా మాట్లాడుతుంది, ఏది చెప్పదు అని అరపేజీ రాసుకోండి. ఫొటో అడిగితే ఏం చెప్పాలో కూడా. లేని జీవితం కల్పించి పాఠకులకి అబద్ధం చెప్పకండి. 'ఇది కలం పేరు, వ్యక్తిగత వివరాలు పంచుకోం' అంటే ఎవరూ నొచ్చుకోరు.

#16 కృష్ణలంక_కలం
ఆఖరిగా ఒకటి. మెయిల్, ప్రతిలిపి సైటు, బ్యాంకు అన్నిటికీ ఓటీపీ ఒకే ఫోన్‌కి వస్తుంది కదా. ఆ సిమ్ ఎవరి దగ్గర ఉండాలి?

#17 బెజవాడ_వకీలు
సిమ్ ఎవరి ఆధార్ మీద ఉంటే చివరికి ఖాతా వాళ్లదే అవుతుంది. కాబట్టి డబ్బు ఖాతా ఒకరి పేరు మీద ఉంటే, సిమ్, మెయిల్ రెండో వాళ్ల పేరు మీద ఉంచండి. మెయిల్‌కి రికవరీ నంబరుగా మొదటివారిది ఇవ్వండి. బ్యాకప్ కోడ్‌లు అచ్చు తీసి, ఒప్పందం రెండు ప్రతులతోపాటు చెరొక కవర్లో పెట్టుకోండి. సిమ్ రీచార్జి గడువు తప్పి నంబరు వేరేవాళ్లకి పోకుండా, ఏడాది ప్లాను తేదీ ఒప్పందంలోనే రాసుకోండి.